పరభూమిలో సైనికుని సమాధి

నల్లగొండ నుండి హైదరాబాదునకు వచ్చు బస్సు ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు దాటి మలక్‌పేట వైపు సాగునపుడు దారిలో మూసారాంబాగు అను పేట తగులును. మలక్‌పేట కూడలిని నేటికిని నల్లగొండ చౌరస్తా అనియే పిలుతురు. కనుక ఈ మార్గము మన జిల్లావారికి తరతరములుగా పరిచితమైనది. 2018వ సంవత్సరము నుండి ఈ దారి మీదుగా మెట్రో రైలు కూడ నడుచుచున్నది. రైలు ఆగబోవునప్పుడెల్ల మూసారాంబాగు అను మాట పెట్టె పెట్టెలో వినిపించును. అది రాముని పేర వెలసిన తోట యని కొందరును, మూసీ నదిని బట్టి వచ్చిన పేరని మరికొందరును తలంతురు. కాని ఆ పేరు చాటున నున్నవాడు ఒక ఫ్రెంచి సైనికుడు. మనము గౌరవముతో "శ్రీ" యనునట్లు ఫ్రెంచివారు "మొస్యూ" అందురు. మొస్యూ రేమండు అను పిలుపు మన జనుల నోట నలిగి నలిగి వేరొక రూపము దాల్చినది. ముస్లిములు ఆతనిని మూసా రహీం అనిరి. హిందువులు మూసా రాం అనిరి. ఆ మూసా రాం సమాధి అచటికి సమీపముననే, ఆస్మాన్‌గఢ్ ప్రాంతమున, ఒక గుట్టపై నున్నది.

పరదేశమున మరణించిన సైనికుని సమాధిని ఎవరు కాపాడవలెను? స్వదేశమా, కొలువిచ్చిన రాజా, లేక ఆతడు మట్టిలో కలిసిన ఊరి జనులా? ఈ ప్రశ్నకు గత శతాబ్దమున ఐరోపా దేశములు ఒడంబడికలతోను, సంస్థలతోను, నిధులతోను సమాధానము చెప్పినవి. అంతకు నూరేండ్లకు పైగా పూర్వమే మన గడ్డపై ఈ ప్రశ్నకు వేరొక సమాధానము దొరకినది. ఆ రెండు సమాధానములను ప్రక్కప్రక్కన నుంచి చూచుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

తెలుగువారికి ఫ్రెంచి సేనాని యనగానే మొదట స్ఫురించువాడు బుస్సీ. 1757 జనవరిలో బొబ్బిలి కోటను ముట్టడించినవాడు ఆతడే. ఆ యుద్ధకథ మన జానపదుల గొంతులలో నేటికిని వినిపించుచున్నది. బొబ్బిలిలో ఆనాటి వీరుల స్మృతికై ఒక స్తంభము కూడ నిలిచియున్నది. ఆ కథలో బుస్సీ శత్రుపక్షమువాడు. కాని బుస్సీ వెంట వచ్చిన తరువాతి తరపు ఫ్రెంచివాడొకడు మన నేలపై మరియొక రీతిగా జ్ఞాపకముండుట విచిత్రము. ఆతడే రేమండు.

మిషెల్ జొవాకిం మారీ రేమండు 1755లో ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున నున్న గాస్కనీ సీమలో జన్మించెను. 20 ఏండ్ల వయస్సున, 1775లో, వర్తకము చేయు తలంపుతో పుదుచ్చేరికి వచ్చెను. ఆ కాలమున మన దేశమున తక్కెడ కంటె కత్తికి వెల యెక్కువ. రేమండు కొలదికాలములోనే సైనిక వృత్తిని చేపట్టి మైసూరు కొలువులో పనిచేసెను. 1783లో బుస్సీ రెండవమారు భారతదేశమునకు వచ్చినపుడు ఆతని వద్ద అనుచరాధికారిగా చేరెను. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించుటతో రేమండునకు ఆశ్రయము పోయెను. మరుసటి సంవత్సరము ఆతడు హైదరాబాదునకు వచ్చి రెండవ ఆసఫ్‌జాహీ ప్రభువైన నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను.

నిజాం అలీఖాను రాజ్యము అప్పుడు మూడు శక్తుల నడుమ నలుగుచుండెను. పడమట మరాఠులు, దక్షిణమున మైసూరు సుల్తాను, తూర్పు తీరమున ఆంగ్ల వర్తక సంఘము. పాతకాలపు ఆశ్విక దళములు కవాతు నేర్చిన పదాతుల తుపాకుల ముందు నిలువజాలకుండెను. కనుక ఐరోపా పద్ధతిలో సైన్యమును తీర్చిదిద్దగల వాని అవసరము ప్రభువునకు కలిగెను. రేమండు మొదట సుమారు 300 మందితో ఒక చిన్న దళమును ఏర్పరచెను. పది సంవత్సరములు గడచునప్పటికి ఆ దళము పదివేలకు మించిన సైన్యముగా పెరిగినది. వారికి కవాతు, ఒకే తీరు దుస్తులు, ఫ్రెంచి అధికారులు, ఫిరంగులు సమకూడెను. ఫిరంగులు పోతపోయుటకు ఆతడు నెలకొల్పిన కార్మాగారమే "తోప్ కా సాంచా". నగరము నడిబొడ్డున ఫతే మైదానమునకు చేరువ నున్న ఆ చోటిని నేటికిని గన్‌ఫౌండ్రీ అనియే పిలుచుచున్నారు. ఈ విధముగా రాజధాని పటములో రెండు స్థలనామములు ఈ ఒక్క పరదేశి వలన ఏర్పడినవి.

1795 మార్చిలో, నేటి మహారాష్ట్రలోని ఖర్దా వద్ద, నిజాము సైన్యమునకును మరాఠులకును యుద్ధము జరిగెను. తోడ్పడుడని ప్రభువు కోరినను ఆంగ్లేయులు తటస్థులమని తప్పుకొనిరి. రేమండు దళములు పోరున చెదరక నిలిచినను ప్రభువు వెనుదిరుగుటకే నిశ్చయించుటతో యుద్ధము పరాజయముగా ముగిసెను. మంత్రి అరస్తూజా బందీయై పూనాకు పోయెను. ఆ అవమానము తరువాత కొలది నెలలకే ప్రభువు కుమారుడు ఆలీజా తండ్రిపై తిరుగుబాటు చేసి బీదరు చేరెను. దానిని అణచినవాడు రేమండు. ఈ రెండు సంఘటనలతో ఆతనిపై ప్రభువునకు గల విశ్వాసము ఇనుమడించెను. "అజ్దర్ జంగ్" అనియు "ముతహవ్వర్-ఉల్-ముల్క్" అనియు ఆతనికి బిరుదులు లభించెను. మొదటిది యుద్ధమున ఘోరసర్పము వంటివాడని, రెండవది రాజ్యమున శూరుడని అర్థము నిచ్చునవి.

ఆ కాలమున ఐరోపాలో ఫ్రెంచి విప్లవము చెలరేగి, ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము నడుచుచుండెను. హైదరాబాదులో రేమండు దళములు ఫ్రెంచి విప్లవపు మూడు వన్నెల జెండాను ఎత్తిపట్టి నడుచుచుండుట ఆంగ్ల ప్రతినిధులకు కంటిలో నలుసయ్యెను. శ్రీరంగపట్టణమున టిప్పు, హైదరాబాదున రేమండు, సముద్రము మీద ఫ్రెంచి నౌకలు ఒక్కటైనచో తమ పాలన యేమగునని వారికి దిగులు. ఆ దిగులు పరాకాష్ఠ నందుకొన్న దినములలోనే, 1798 మార్చి 25వ తేదీన, రేమండు మరణించెను. అప్పటికి ఆతని వయస్సు 42 ఏండ్లు. విషప్రయోగము జరిగినదని ఆనాడే పుకారు పుట్టెను. అది నేటివరకు పుకారుగనే మిగిలియున్నది.

ఆ తరువాత ఏడు నెలలలో జరిగినది చూచినచో, ఒక సమాధి ఎంత త్వరగా దిక్కులేనిది కాగలదో తెలియును. 1798 సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్ల వర్తక సంఘముతో సైన్య సహకారపు ఒడంబడిక చేసికొనెను. ఫ్రెంచి దళమును తొలగించుట అందలి ముఖ్యమైన షరతు. రేమండు స్థానమున వచ్చిన పిరోను అను అధికారి తన మనుష్యులను అదుపున నుంచజాలకపోయెను. జీతపు బకాయిలకై సిపాయిలు తమ అధికారులపైననే తిరుగబడిరి. అక్టోబరు 22వ తేదీన ఆంగ్ల సైన్యము వారి శిబిరమును చుట్టుముట్టెను. కొన్ని గంటలలోనే, ప్రాణనష్టము లేకుండ, వేలమంది సిపాయిలు తుపాకులు దించి వెడలిపోయిరి. ఫ్రెంచి అధికారులను కలకత్తాకు పంపి అటనుండి ఓడలెక్కించిరి. పండ్రెండేండ్లు కూడబెట్టిన సైన్యము ఒక్క దినమున కరగిపోయెను. సేనాని గుట్టమీద మిగిలెను. ఆతని కొరకు మోకరిల్లుటకు ఫ్రెంచివాడొక్కడును ఆ నగరమున మిగులలేదనినను తప్పులేదు.

ఐనను ఆ సమాధి చెడలేదు. గుట్టపై విశాలమైన రాతి అరుగు కట్టి, దాని నడుమ నల్లరాతి స్తంభము నిలిపిరి. క్రింద వెడల్పుగా నుండి పైకి పోనుపోను సన్నగిల్లు ఆ స్తంభము సుమారు 23 అడుగుల యెత్తు. దానిపై చెక్కినది రెండు అక్షరములు మాత్రమే. అవి జొవాకిం రేమండు అను పేరి మొదటి అక్షరములైన "జె", "ఆర్". బిరుదుల పట్టిక లేదు. యుద్ధముల వర్ణన లేదు. సమీపమున గ్రీకు దేవాలయముల తీరున స్తంభములతో కూడిన మండపమొకటి కలదు. మన నగరపు గుమ్మటముల నడుమ, మినారుల నడుమ, ఆ కట్టడము పరదేశిగనే కనబడును. కాని అది నిలిచిన రాతిగుట్ట మాత్రము మన నల్లగొండ, పాలమూరు గుట్టలకు తోబుట్టువే.

దానిని ఇంతకాలము కాపాడినదెవరు? మొదట కొలువిచ్చిన ప్రభువుల ఆదరము. వర్ధంతి నాడు ఆసఫ్‌జాహీ దర్బారు నుండి సమాధికి చుట్టల పెట్టెయు సారాయి బుడ్డియు పంపెడివారను మాట నగరమున చిరకాలముగా ప్రచారములో నున్నది. ఆ మాట ఎట్లున్నను, మార్చి 25వ తేదీన గుట్టవద్ద ఉర్సు వంటి ఉత్సవము జరుగుట 1940 ప్రాంతము వరకు సాగినదందురు. జనులు దీపములు పెట్టిరి. ఆతడు కథోలిక క్రైస్తవుడని వారికి అడ్డు రాలేదు; ఆతని భాష తమకు రాదని అడ్డు రాలేదు. రహీం అన్నవారికి రహీం అయ్యెను, రాం అన్నవారికి రాం అయ్యెను.

ఇది మన సీమలో వింత కాదు. నల్లగొండ, మహబూబ్‌నగరు పల్లెలలో ఊరి వెలుపల వీరగల్లులు కనబడును. ఆవులమందను కాపాడబోయి కూలినవాడో, పొలిమేర తగవులో ప్రాణము విడిచినవాడో, కత్తియు డాలును పట్టి ఆ రాతిలో నిలిచియుండును. అనేక చోట్ల ఆతని పేరు ఊరివారికి తెలియదు. ఏ రాజు కాలమువాడో తెలియదు. ఐనను పండుగనాడు పసుపు పూయుదురు, కుంకుమ పెట్టుదురు. జాన్‌పహాడు దర్గాకు హిందువులును ముస్లిములును కలిసి మ్రొక్కుబడులు తీర్చికొనుటకు పోవుట మన జిల్లావారందరు ఎరిగినదే. ప్రాణమిచ్చినవాని రాతిని ఊరే సాకవలెనను ఆ పాత అలవాటులోనికి రేమండు కూడ చేరిపోయెను.

ఇప్పుడు ఐరోపావారి సమాధానమును చూతము. పూర్వకాలపు యుద్ధములలో సేనానులకు సమాధులు దక్కెను గాని సామాన్య సైనికునకు దక్కినది గొయ్యి మాత్రమే. ఈ స్థితి పందొమ్మిదవ శతాబ్దమున మారజొచ్చెను. 1871లో ఫ్రాన్సునకును జర్మనీకిని కుదిరిన ఫ్రాంక్‌ఫర్టు సంధిలోని 16వ నిబంధన ప్రకారము, తమ తమ భూములలో పూడ్చబడిన సైనికుల సమాధులను గౌరవించి కాపాడుటకు ఉభయులును అంగీకరించిరి. అనగా శత్రువు సమాధిని కూడ కాపాడుట సంధిలోని బాధ్యత అయ్యెను. మొదటి ప్రపంచ యుద్ధపు మారణహోమము ఈ అవసరమును వేయిరెట్లు చేసెను. 1917లో బ్రిటిషు సామ్రాజ్యము యుద్ధ సమాధుల కొరకు ప్రత్యేక సంఘము నేర్పరచెను. 1919 డిసెంబరు 16వ తేదీన జర్మనీలో "ఫోక్స్‌బుండ్" అను ప్రజాసంస్థ పుట్టెను. జర్మను యుద్ధ సమాధుల పోషణయే దాని పని.

ఈ జర్మను సంస్థ కథ మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది. ఏలనన, ఓడినవారి సమాధులు ఎక్కువగా తాము దండెత్తిపోయిన దేశములలోనే యుండును. వారు కూలిన ఊరిలో వారిని ప్రేమించువారుండరు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము బెల్జియములో, ఫ్రాన్సులో, జర్మను సైనికుని పేరు చెప్పిన జనులకు గుర్తు వచ్చునది కాలిన ఇండ్లు, చెరలు, చంపబడిన బంధువులు. అట్టి నేలపై వారికి సమాధులు కట్టి శాశ్వతముగా పోషించుట ఎట్లు? 1954లో జర్మను సమాఖ్య ప్రభుత్వము విదేశములలోని తమ సైనికుల సమాధులను వెదకి, కూర్చి, పోషించు బాధ్యతను ఫోక్స్‌బుండు సంస్థకు అప్పగించెను. ఆయా దేశములతో ఒప్పందములు జరిగినవి. చెదరియున్న గోతులను త్రవ్వి, మెడలోని గుర్తు బిళ్లలను బట్టి పేర్లను తేల్చి, అస్థికలను పెద్ద శ్మశానవాటికలకు చేర్చిరి. బెల్జియములోని లొమ్మెల్ వద్ద 39,000 మందికి పైగా జర్మను సైనికులు విశ్రమించుచున్నారు. నార్మండీలోని లా కాంబ్ వాటిక 1961లో ప్రారంభోత్సవము జరుపుకొన్నది. అందు 21,000 మందికి పైగా ఉన్నారు.

ఆ వాటికల రూపమున ఒక వినయము కలదు. విజయస్తంభములు లేవు, పొగడ్తలు లేవు. నేలకు అంటియున్న రాతి పలకలు, కురుచైన ముదురు రంగు శిలువలు, చెట్ల నీడ, పచ్చిక. ఒక రాతిపై ఒకటి రెండు పేర్లు, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ. తేదీలను కూడికొని చూచినచో వారిలో అనేకులు 20 ఏండ్లు నిండనివారు. పేరు తెలియని చోట "జర్మను సైనికుడు" అని మాత్రమే చెక్కిరి. 1953లో లొమ్మెల్ వద్ద పలుదేశముల యువకులు శిబిరము వేసికొని ఆ వాటికను చక్కదిద్దుటకు పూనుకొనిరి. నిన్నటి శత్రువుల బిడ్డలు ఒకే చోట మట్టి తీయుట ఆనాడు చిన్న విషయము కాదు. నాటి నుండి అట్టి శిబిరములు ఏటేట జరుగుచున్నవి. సమాధుల మీదుగా సఖ్యము అనునది ఆ సంస్థ పెట్టుకొన్న ఆదర్శము. నేడది 46 దేశములలో 830కి పైగా వాటికలను, సుమారు 28 లక్షల మంది మృతుల విశ్రాంతి స్థలములను పోషించుచున్నది. 1990 తరువాత తూర్పు ఐరోపా దేశములలో కూడ వెదకుటకు వీలు కలిగినందున అచ్చట ఇప్పటికిని ఏటా వేలకొలది అస్థికలు వెలికివచ్చుచున్నవి. దీనికయ్యెడి వ్యయములో అధికభాగము సభ్యుల చందాలు, ప్రజల విరాళములు.

ఈ పద్ధతి యొక్క బలమెక్కడ నున్నది? పట్టికలో నున్నది. ఏ దేశమున, ఏ వాటికలో, ఏ వరుసలో, ఏ సంఖ్య గల గోతిలో ఎవడు పరుండెనో వ్రాసియుంచిన పట్టిక. దానిని బట్టి మనుమడు తాత సమాధిని వెదకుకొని పోగలడు. పచ్చికను కోయువానికి జీతమున్నది, రాయి విరిగిన మార్చుటకు నిధి యున్నది. మన దేశముననే చూడుడు: కామన్‌వెల్తు సంఘమువారు 1952లో మద్రాసు నందంబాకములో యుద్ధ శ్మశానవాటికను నిర్మించిరి. దక్షిణ భారతమునను తూర్పు భాగమునను పలు ఊళ్లలో, దండు ప్రదేశములలో చెదరియున్న రెండవ ప్రపంచ యుద్ధపు సమాధులకు శాశ్వత పోషణ దొరకదను భయముతో అస్థికలను అచటికి చేర్చిరి. ఇప్పుడు 800కు పైగా సమాధులు అచ్చట వరుసలు తీరి యున్నవి.

పట్టికలో పేరు లేనివారి గతి వేరు. 1942, 1943 సంవత్సరములలో జపాను సైన్యము సయాము నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయించెను. ఆ పనిలో మరణించిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలకు థాయిలాండులోని కాంచనబురి మొదలైన చోట్ల చక్కని శ్మశానవాటికలున్నవి. కాంచనబురిలో 7,000కు చేరువగా సమాధులు. అదే పనికి మలయా తోటల నుండి తరలింపబడిన కూలీలలో తమిళులతో పాటు తెలుగువారును ఉండిరి. కలరా, మలేరియా, ఆకలి వారిని వేలకొలదిగా పొట్టనబెట్టుకొన్నవి. వారు సైనికులు కారు. ఏ సైన్యపు పట్టికలోను వారి పేర్లు లేవు. కనుక వారికి వరుసలు లేవు, రాళ్లు లేవు. అడవి వారిని కప్పివేసినది. పోషణ యనునది పేరు వ్రాసికొనుటతో ఆరంభమగునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇట్లు రెండు సమాధానములు మన యెదుట నున్నవి. ఒకటి పట్టిక, ఒకటి మమత. పట్టికకు ప్రేమ అక్కరలేదు. పగవాడి ఊరిలోనైనను అది పనిచేయును. మమతకు నిధి అక్కరలేదు. జీతగాడు లేకున్నను దీపము వెలుగును. కాని మమత ఒక తరము ఏమరినచో ఆరిపోవును. మూసారాం గుట్టకు జరిగినది అదియే. రాజ్యము మారెను, దర్బారు పోయెను, ఉర్సు నిలిచెను. నగరము పెరిగి పెరిగి గుట్ట చుట్టును ఇండ్లు అల్లుకొన్నవి. దూరము నుండి కనబడు స్తంభము మేడల చాటున పడెను. రాం అనియు రహీం అనియు పిలిచిన నోళ్లు మూతపడిన తరువాత ఆ రాయి ఎవరిదో ఎరిగినవారు తగ్గిపోయిరి. 2001 అక్టోబరులో ఆ పాత మండపము కూలిపోయెను.

అప్పుడు గాని పట్టిక సాయము రాలేదు. రాష్ట్ర పురావస్తుశాఖవారి రక్షిత కట్టడములలో అది చేరియున్నందున, శాఖవారు కొలది సంవత్సరములలోనే మండపమును తిరిగి నిర్మించిరి. ఇది మెచ్చదగిన పని. రాయికి కావలసినది రాయి దొరకినది. ఐనను కాపలా గోడయు, తాళము వేసిన ద్వారమును, సూచనా ఫలకమును ఒక సమాధిని కూలిపోకుండ మాత్రమే నిలుపగలవు. అది ఎవరిదో, ఏల నున్నదో తెలిసిన మనుష్యుడు చుట్టుప్రక్కల లేనిచో అది రక్షిత కట్టడమే గాని సమాధి కాదు. జర్మనులు తమ పట్టికలకు తోడుగా యువకుల శిబిరములను ఏర్పరచుటలోని రహస్యమిదియే. రాతిని పనివారు నిలుపుదురు. జ్ఞాపకమును బిడ్డలే మోయవలెను.

రేమండును మనము దేవుని చేయనక్కరలేదు. ఆతడు జీతమునకు యుద్ధము చేసినవాడు. ఒక ప్రభువు కొరకు మరియొక ప్రభువు మనుష్యులను చంపినవాడు. ఆతని ఆజ్ఞపై ఖర్దాలో కూలిన సిపాయిలు దక్కను బిడ్డలు. వారి పేర్లు చెక్కిన రాయి ఆ గుట్టపై లేదు. రెండు అక్షరములు సేనానివి మాత్రమే. అచ్చట నిలబడి తలవంచువారు ఆ అక్షరముల వెనుక వరుసలు తీరిన పేరులేని పదివేలమందిని కూడ తలచుకొనుట న్యాయము. ఊరి వెలుపలి వీరగల్లుకు పసుపు పూయు అవ్వ చేయునది అంతియే. ఆమెకు పేరు తెలియదు. కాని ఎవడో ఒకడు తమ కొరకు పడినాడని తెలియును.

మన ఇండ్ల నుండి కూడ బిడ్డలు సైన్యములో చేరి దూరదేశములకు పోయినారు, పోవుచున్నారు. వారిలో తిరిగిరానివారి రాళ్లు ఏ సముద్రముల కావల నున్నవో, వానిని తుడుచు చేయి ఎవరిదో. ఆ చేతిని మనము చూడలేము. మన చేతిలో నున్నది మన గుట్టమీది పరదేశి సమాధి. ఈసారి నల్లగొండ నుండి నగరమునకు పోవునపుడు, బస్సులోనో రైలులోనో మూసారాంబాగు అను మాట వినబడిన క్షణమున, ప్రక్కనున్న పిల్లవానితో ఆ పేరు ఎవరిదో చెప్పుడు. వీలైన దిగి గుట్ట యెక్కి చూపుడు. ఆ రెండు అక్షరములను వాని వ్రేలితో తడిమి చదువనిండు.